చిత్తూరు వి. నాగయ్య

చిత్తూరు వి. నాగయ్య (1904 మార్చి 28 – 1973 డిసెంబర్ 30) రంగస్థలం నుంచి సినిమాకు వచ్చి తెలుగు, తమిళ తెరలను రెండింటినీ ఏలిన నటుడు, గాయకుడు, సంగీత దర్శకుడు, నిర్మాత, దర్శకుడు. ఇంటిపేరు ఉప్పలదడియం. పోతన, త్యాగయ్య, వేమన, రామదాసు అనగానే కొన్ని తరాల తెలుగువారి కళ్లముందు నిలిచింది ఆయన ముఖమే. 1965లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

ఆయన పుట్టింది కృష్ణా డెల్టాలోని రేపల్లెలో. పేరు ముందు నిలిచింది మాత్రం దక్షిణ రాయలసీమలోని చిత్తూరు. చదువు, తొలి ఉద్యోగం, నాటకం, రెండో భాష ఆయనకు ఆ సీమలోనే అబ్బాయి. సినిమాలో ఆయనను నిలబెట్టిన వాహిని సంస్థ వెనుక ఉన్నవారూ ఎక్కువగా రాయలసీమవారే. అందువల్ల నాగయ్య జీవితం ఒక నటుడి కథ కావడంతో పాటు, సీమ పట్టణాల నాటక సమాజాలు మద్రాసు స్టూడియోలకు ఏమి అందించాయో చెప్పే కథ కూడా.

బాల్యం, చదువు

నాగయ్య తల్లిదండ్రులు వెంకటలక్ష్మాంబ, రామలింగేశ్వర శర్మ. కుటుంబం రేపల్లె నుంచి దక్షిణానికి తరలి రావడంతో ఆయన బాల్యం కుప్పం, చిత్తూరు ప్రాంతాల్లో గడిచింది. కలిగిన కుటుంబం కాదు. తిరుమల దేవస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనం ఆయన చదువుకు ఆసరా అయింది. పట్టభద్రుడై కొంతకాలం ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా, ఆ తర్వాత ఆంధ్రపత్రికలో పాత్రికేయుడిగా పనిచేశారు. గాంధీ ప్రభావంతో కాంగ్రెస్‌లో చేరి 1930 నాటి ఉప్పు సత్యాగ్రహ ఉద్యమంలో పాల్గొన్నారు.

ఆయన పెరిగిన నేల స్వభావాన్ని ఇక్కడ గుర్తుంచుకోవాలి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉండేది. కుప్పం తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిసే చోటు. సంతలో ఒక భాష, ఇంట్లో ఒక భాష మాట్లాడే మనుషుల మధ్య పెరిగినవాడికి తమిళం ప్రత్యేకంగా కూర్చుని నేర్చుకోవలసిన భాష కాదు. కోస్తా నుంచి మద్రాసు చేరిన నటులు చాలామంది తెలుగు చిత్రాలకే పరిమితమైన కాలంలో నాగయ్య తమిళంలోనూ ప్రధాన పాత్రలు పొందడానికి ఇదొక కారణం.

అదే జిల్లాలో, తిరుపతి–శ్రీకాళహస్తి దారిలోని ఏర్పేడు దగ్గర, 1920లలో మలయాళ స్వామి వ్యాసాశ్రమం స్థాపించారు. కులభేదం లేకుండా, స్త్రీలకు కూడా వేదాంతం, సంస్కృతం బోధించిన ఆశ్రమం అది. ఒకవైపు భక్తి, మరోవైపు సంఘసంస్కరణ కలిసి నడిచిన ఆ వాతావరణమే తర్వాత నాగయ్య పాత్రలకు ప్రేక్షకులను సిద్ధం చేసింది. సుమంగళి చిత్రంలో సంస్కర్తగా, భక్త పోతన చిత్రంలో భక్తుడిగా కనిపించిన మనిషి ఆనాటి జనానికి కొత్తవాడు కాడు. అటువంటి వారిని వారు తమ ఊళ్లలోనే చూసి ఉన్నారు.

చిత్తూరు నాటకరంగం

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి రాయలసీమ పట్టణాల్లో నాటకం సాయంత్రపు వ్యాపకంగా మొదలై ఉద్యమంలా పెరిగింది. బళ్లారిలో ‘ఆంధ్ర నాటక పితామహుడు’ ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభను నడిపి, చిత్రనళీయం, విషాద సారంగధర వంటి నాటకాలు రాసి ఆడించారు. అదే ఊరి నుంచి నటుడు బళ్లారి రాఘవ వచ్చారు. వకీళ్లు, గుమస్తాలు, ఉపాధ్యాయులు పగలు కొలువు చేసుకుని రాత్రిళ్లు ముఖాలకు రంగు పూసుకునే సమాజాలు ఇవి. డబ్బు కోసం ఊరూరా తిరిగే కంపెనీ నాటకాలకూ వీటికీ తేడా ఉంది. చదువుకున్నవారు ఆడడం వల్ల ఉచ్చారణ మీద, పాత్ర స్వభావం మీద శ్రద్ధ ఎక్కువ.

చిత్తూరులో ఈ పని చేసింది శ్రీరామవిలాస సభ. నాగయ్య నటుడిగా ఎదిగింది ఆ సభలోనే. సంగీత జ్ఞానం, చక్కని గాత్రం, స్పష్టమైన వాచకం తోడవడంతో పద్యనాటకాల్లో త్వరలోనే పేరు వచ్చింది. పద్యాన్ని రాగం తీసి సాగదీస్తే ఈలలు పడే రోజులవి. నాగయ్య గొంతు అందుకు సరిపోయేదే అయినా, ఆయన పద్యానికి భావాన్ని బలి ఇవ్వలేదు. ఆ సంయమనం తర్వాత మైక్రోఫోను ముందు ఆయనకు పెద్ద పెట్టుబడి అయింది. ఆయన పాటలు గ్రామఫోను రికార్డులుగా కూడా వచ్చి, సినిమా కంటే ముందే ఆ గొంతును జిల్లా దాటించాయి.

సినిమా ప్రవేశం

తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద తీసిన హెచ్.ఎం. రెడ్డి, రోహిణి సంస్థ తరఫున 1938లో గృహలక్ష్మి తీశారు. కన్నాంబ కథానాయిక. నాగయ్యకు సంఘసేవకుడు గోపీనాథ్ పాత్ర దక్కింది. తాగుడు మానమని జనానికి చెబుతూ ఆయన పాడిన పాట ఊరూరా మారుమోగింది. మద్యనిషేధ ప్రచారం కాంగ్రెస్ కార్యక్రమంలో భాగమై ఉన్న సమయమది. ఉద్యమంలో తిరిగిన మనిషి ఆ పాటను తెరమీద పాడడంతో పాత్రకూ నటుడికీ మధ్య గీత చెరిగిపోయింది. అప్పటికి ఆయన వయసు 34. కథానాయకుడిగా మొదలుపెట్టడానికి అది చిన్న వయసేమీ కాదు. అయినా వయసు మీరిన పాత్రలకు అవసరమైన నిబ్బరం ఆయనలో అప్పటికే ఉంది.

వాహిని సంవత్సరాలు

గృహలక్ష్మి నిర్మాణంలో పాలుపంచుకున్న బి.ఎన్. రెడ్డి, ఆ తర్వాత విడిపోయి వాహిని సంస్థను నెలకొల్పారు. ఆయనది కడప జిల్లా పులివెందుల ప్రాంతం. పెట్టుబడి పెట్టిన మూలా నారాయణస్వామిది తాడిపత్రి. సంస్థ నిర్మాణ వ్యవహారాలు చూస్తూ తర్వాత దర్శకుడైన కె.వి. రెడ్డిదీ తాడిపత్రే. ఛాయాగ్రాహకుడు కె. రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె. శేఖర్, రచయిత సముద్రాల రాఘవాచార్య వీరికి తోడయ్యారు. పురాణ కథలు రాజ్యమేలుతున్న తెలుగు తెరమీద ఈ బృందం సమకాలీన సాంఘిక చిత్రాలకు గౌరవం తెచ్చింది. దాని ముఖచిత్రం నాగయ్య.

వందేమాతరం (1939)లో ఆయన నిరుద్యోగ పట్టభద్రుడు. కథానాయిక కాంచనమాల. చదువుకున్నవాడికి ఉద్యోగం లేకపోవడం, కుటుంబంలో కోడలి అగచాట్లు ఇందులో కథావస్తువులు. సంగీతం కూడా నాగయ్యదే. సుమంగళి (1940) వితంతు వివాహాన్ని చర్చించిన చిత్రం. అందులో ఆయన కందుకూరి వీరేశలింగాన్ని తలపించే వృద్ధ సంస్కర్త. అంతకుముందు ఏడాది యువ కథానాయకుడిగా కనిపించిన నటుడు 36 ఏళ్లకే ముసలి పంతులుగా మారడం, జనం దాన్ని సంతోషంగా ఒప్పుకోవడం ఆ కాలానికి అరుదు. అదే ఏడాది వై.వి. రావు దర్శకత్వంలో, సినిమా ప్రపంచమే కథావస్తువుగా వచ్చిన విశ్వమోహినిలోనూ నటించారు.

దేవత (1941)లో పాత్ర ఇంకా కష్టమైంది. ఇంటి పనిపిల్లను మోసగించి, ఆపై పశ్చాత్తాపపడే సంపన్న యువకుడు ఆయన. మంచితనానికి మారుపేరుగా జనం గుర్తించిన నటుడు తప్పు చేసిన మనిషిగా కనిపించారు. స్వర్గసీమ (1945)లో ఆ దారిలో మరో అడుగు వేశారు. వీధుల్లో పాడుకునే అమ్మాయిని నాటకరంగానికి తెచ్చి, ఆమె మోజులో భార్యనూ పిల్లలనూ విడిచిపెట్టే మూర్తి పాత్ర అది. భార్యగా కన్నడ రంగస్థల నటి బి. జయమ్మ, గాయనిగా భానుమతి నటించారు. భానుమతికి తారాస్థాయి తెచ్చిన ఈ చిత్రంలోనే ఘంటసాల గొంతు నేపథ్యగాయకుడిగా తొలిసారి వినిపించింది. ఓగిరాల రామచంద్రరావుతో కలిసి నాగయ్య సంగీతం సమకూర్చారు. నాటకం నుంచి వచ్చిన ఆయన నాటకాల మనిషి పతనాన్ని నటించిన ఈ సినిమా, ఆయనను భక్త పాత్రలతోనే గుర్తుపెట్టుకునేవారు తప్పక చూడవలసినది.

భక్త కవుల పాత్రలు

నాగయ్య పేరును ఇంటింటికీ తీసుకెళ్లినవి మూడు చిత్రాలు. 1943లో విడుదలైన భక్త పోతన కె.వి. రెడ్డికి దర్శకుడిగా తొలి చిత్రం. 1942లో జపాన్ బాంబులు పడతాయన్న భయంతో మద్రాసు ఖాళీ అయిన రోజులు, ముడి ఫిలిం దొరకని యుద్ధకాలం ఈ చిత్ర నిర్మాణానికి నేపథ్యం. పొలం దున్నుకుంటూ భాగవతం రాసి, దాన్ని రాజుకు అంకితమివ్వడానికి ఒప్పుకోని కవి కథ. భోగలాలసుడైన శ్రీనాథుడిగా గౌరీనాథశాస్త్రి ఎదురు నిలవడంతో, నాగయ్య పోతన మెతకదనం మరింత బలంగా కనిపించింది. రాజును కాదనే ఘట్టంలోనూ ఆ పోతన గొంతు పెంచడు.

త్యాగయ్య (1946) ఆయన సొంత కృషి. సొంత సంస్థ రేణుకా పతాకంపై నిర్మాణం, దర్శకత్వం, సంగీతం, ప్రధాన పాత్ర అన్నీ ఆయనే వహించారు. త్యాగరాజస్వామి (1767–1847) తమిళనేల మీద, తిరువయ్యారులో, తెలుగులో కృతులు చేసిన వాగ్గేయకారుడు. రెండు భాషల సరిహద్దున పెరిగిన నటుడికి ఇంతకంటే తగిన పాత్ర ఉండదు. కృతులను ఆయనే పాడారు. సంగీత పండితులు తప్పుపట్టకుండా, సామాన్యుడు విసుగు చెందకుండా కచేరీ సంగీతాన్ని కథలో ఇమడ్చడం ఇందులోని అసలైన విజయం. పాట ఆగిన చోట కథ మొదలవడం, కథ ఆగిన చోట పాట మొదలవడం కనిపించదు. రెండూ ఒకే నడకలో సాగుతాయి. ఈ చిత్రాన్ని తమిళ ప్రేక్షకులూ ఆదరించారు.

యోగి వేమన (1947) మళ్లీ కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చింది. భోగి యోగిగా మారే కథ కాబట్టి నటుడికి అవకాశం ఎక్కువ. వేశ్య మోహనాంగిగా ఎం.వి. రాజమ్మ, మిత్రుడు అభిరామయ్యగా ముదిగొండ లింగమూర్తి నటించారు. పోతనలో మొదటి నుంచీ శాంతమే ఉంటుంది. వేమన మాత్రం ప్రేమ, మోహం, బంగారం మీద ఆశ, చావు చూసిన దిగ్భ్రమ అన్నీ దాటి విరాగి అవుతాడు. ఆ మెట్లన్నీ నాగయ్య ముఖంలో ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి ప్రాంతంలోనిది. సీమవారి కవిని సీమవారే తెరకెక్కించిన చిత్రంగా కూడా దీనికి ప్రత్యేకత ఉంది.

తమిళ చిత్రాలు

అశోక్‌కుమార్ (1941)లో నాగయ్య అశోక చక్రవర్తి. కుమారుడు కుణాలుడిగా తమిళ గాయకనటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, అశోకుడి చిన్న భార్య తిష్యరక్షితగా కన్నాంబ నటించారు. సవతి తల్లి మోహం, అబద్ధపు నింద, తండ్రి విధించే క్రూరశిక్ష ఇందులోని కథ. సీమ నాటక సమాజాలు ఏళ్ల తరబడి ఆడిన సారంగధరకు దగ్గర చుట్టమే.

మీరా (1945)లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి మీరాబాయి కాగా, నాగయ్య ఆమె భర్త రాణా. దర్శకుడు ఎల్లిస్ ఆర్. డంగన్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంవాడు. తమిళం రాకుండానే మద్రాసులో పేరు తెచ్చుకున్నాడు. భార్య భక్తిని అర్థం చేసుకోలేక నలిగే రాజు పాత్ర నాగయ్యది. భక్తుల పాత్రలకు పేరుపడ్డ నటుడు ఇక్కడ భక్తికి అవతలి గట్టున నిలబడ్డారు. జెమిని వారి చక్రధారి (1948)లో కుమ్మరి భక్తుడు గోరా పాత్ర చేశారు.

1950లో కోయంబత్తూరు పక్షిరాజా సంస్థ విక్టర్ హ్యూగో నవల ఆధారంగా తమిళంలో ఏళై పడుం పాడు, తెలుగులో బీదలపాట్లు నిర్మించింది. వాహిని పాత మిత్రుడు కె. రామ్‌నాథ్ దర్శకుడు. రొట్టె దొంగిలించి జైలుపాలై, ఒక మతగురువు దయతో మారిపోయే మనిషి పాత్ర నాగయ్యది. వెంటాడే పోలీసు అధికారిగా నటించిన సీతారామన్‌కు ‘జావర్’ అన్న పేరు ఈ చిత్రంతోనే స్థిరపడింది. కరడుగట్టిన ఖైదీ నుంచి కరుణామూర్తి దాకా సాగే ఈ పాత్రను నాగయ్య అత్యుత్తమ నటనల్లో లెక్కించేవారు చాలామంది.

పాల్ మునితో పోలిక

బొంబాయి పత్రిక ఫిల్మ్ ఇండియా సంపాదకుడు బాబూరావు పటేల్ నాగయ్యను ‘భారతదేశపు పాల్ ముని’ అన్నారు. పొగడ్తకు పిసినారి అయిన ఆ సంపాదకుడు ఊరికే అన్న మాట కాదది. పాల్ ముని (1895–1967) అప్పటి ఆస్ట్రియా–హంగరీ రాజ్యంలోని లెంబర్గ్‌లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన యూదు నటుడు. యిడ్డిష్ భాషా నాటకరంగంలో బాల్యంలోనే ముసలివాళ్ల పాత్రలు వేసి, బ్రాడ్‌వే మీదుగా హాలీవుడ్ చేరాడు. శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ పాత్రకు ఆస్కార్ అందుకున్నాడు. 1937లో రచయిత ఎమిలీ జోలా పాత్ర చేశాడు. తర్వాత మళ్లీ రంగస్థలానికి వెళ్లి ఇన్‌హెరిట్ ద విండ్ నాటకానికి 1956లో టోనీ పురస్కారం పొందాడు.

ఇద్దరినీ కలిపేవి స్పష్టంగా ఉన్నాయి. నాటకం నుంచి రావడం, వయసుకు మించిన పాత్రలు వేయడం, చరిత్రలోని మహనీయులను తెరమీద బతికించడం ఇద్దరిలోనూ ఉన్నాయి. తేడా కూడా చెప్పుకోదగ్గదే. ముని ప్రతి పాత్రకూ గడ్డాలు, మీసాలు, నడక, యాస మార్చి తానెవరో గుర్తుపట్టనివ్వడు. నాగయ్య వేషం మారినా మనిషి మారడు. పోతనలోనూ త్యాగయ్యలోనూ వినిపించేది అదే గొంతు, కనిపించేది అదే చూపు. మునికి పాట అవసరం లేదు. నాగయ్య పాత్రలకు మాత్రం పాటే ప్రాణం.

గానం, నటన

సినిమా తొలి దశలో నటుడే గాయకుడు. నాగయ్య ఆ తరానికి చెందిన చివరి పెద్దల్లో ఒకరు. ఆయనది పై స్థాయిలో మెరిసే గొంతు కాదు. మంద్రంలో నిండుగా పలికే గాత్రం. అందుకే ఆయన మాట నుంచి పాటలోకి, పాట నుంచి మాటలోకి జారుకోవడం అతికినట్టుండదు. సంగీత దర్శకుడిగా శాస్త్రీయ రాగాలను తీసుకుని, గమకాల బరువు తగ్గించి, మాట అర్థమయ్యేలా బాణీ కట్టడం ఆయన పద్ధతి. 1940ల చివరికి నేపథ్యగానం స్థిరపడి, పాడేవారు వేరు, నటించేవారు వేరు అయ్యాక ఆ రకం నటుడికి చోటు తగ్గింది. ఆయన సంగీతంలో తొలి అవకాశం అందుకున్న ఘంటసాలే ఆ కొత్త కాలానికి ప్రతినిధి కావడం చరిత్ర క్రమం.

నటనలో ఆయన చేసిన మార్పు కూడా గొంతుతో ముడిపడినదే. వెనక వరసవాడికి వినపడాలని గట్టిగా పలకడం నాటకానికి అవసరం. మైకు దగ్గరున్నప్పుడు ఆ అవసరం లేదని తొందరగా గ్రహించిన తెలుగు నటుల్లో ఆయన ముందువరసలో ఉంటారు. చేతులు తిప్పడం తగ్గించి, కళ్లనూ మౌనాన్నీ వాడుకున్నారు. ఆ శాంతమే కొన్ని చోట్ల నడక మందగించేలా చేస్తుందని నేటి ప్రేక్షకుడికి అనిపించవచ్చు.

నిర్మాణం, చివరి దశ

త్యాగయ్య తెచ్చిన కీర్తి నాగయ్యను నిర్మాణంలోనే నిలిపింది గాని, లాభం నిలవలేదు. 1953లో తెలుగులో నా ఇల్లు, తమిళంలో ఎన్ వీడు పేరిట ఒకే కథను రెండు భాషల్లో తీశారు. భక్త రామదాసు (1964) ఆయన చిరకాల స్వప్నం. గోపన్న పాత్ర, దర్శకత్వం ఆయనవే. అందులో కబీరుగా నటించిన గుమ్మడికి మహమ్మద్ రఫీ చేత పాడించడం ఆయన సంగీత దృష్టికి నిదర్శనం. కానీ అప్పటికి ఆయన వయసు 60. భక్త చిత్రాల కాలమూ మారిపోయింది.

ఈలోగా గుణచిత్ర నటుడిగా కొత్త జీవితం మొదలైంది. పాండురంగ మహాత్మ్యం (1957)లో పుండరీకుడి తండ్రి, తమిళ సంపూర్ణ రామాయణం (1958)లోనూ తెలుగు సీతారామ కల్యాణం (1961)లోనూ దశరథుడు, లవకుశ (1963)లో వాల్మీకి ఆయనే. కొత్త తరం కథానాయకులు రాములూ కృష్ణులూ అయినప్పుడు వారికి తండ్రిగానో గురువుగానో నాగయ్య నిలబడ్డారు. పాత్ర నిడివి తగ్గినా, ఆయన తెరమీదికి రాగానే ఆ సన్నివేశానికి ఒక పెద్దరికం వచ్చేది.

సంపాదించిన కాలంలో ఆయన ఇల్లు సత్రంలా ఉండేదని సమకాలీనులు చెప్పుకున్నారు. అడిగినవారికి ఇవ్వడం, వచ్చినవారికి భోజనం పెట్టడం తప్ప దాచుకోవడం ఆయనకు తెలియదు. నిర్మాణ నష్టాలు దానికి తోడై చివరి సంవత్సరాలు ఇబ్బందుల్లో గడిచాయి. చిన్న పాత్రలు కూడా కాదనకుండా చేశారు. 1973 డిసెంబర్ 30న మద్రాసులో కన్నుమూశారు.

స్మృతి, స్థానం

చెన్నై త్యాగరాయనగర్‌లోని పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. చిత్తూరులో ఆయన పేరిట నాగయ్య కళాక్షేత్రం ఉంది. 2022లో తిరుపతి ప్రత్యేక జిల్లాగా ఏర్పడి ఏర్పేడు, శ్రీకాళహస్తి వంటివి అటు చేరినా, నాగయ్య తరంలో ఇదంతా ఒకే చిత్తూరు జిల్లా.

ఆ సీమ నుంచి తర్వాత వచ్చిన నటుల్లో పేరున్నవారు మోహన్‌బాబు. ఏర్పేడు, తిరుపతిలో చదువుకుని, 1975లో దాసరి నారాయణరావు చిత్రం స్వర్గం–నరకంతో పరిచయమై, ప్రతినాయకుడి పాత్రల నుంచి పెదరాయుడు (1995) దాకా ఎదిగారు. ఇద్దరి దారులూ వేరు. నాగయ్య మాటను మెత్తబరచి పేరు పొందితే, మోహన్‌బాబు మాట పదునుతో నిలబడ్డారు. అయినా ఇద్దరికీ బలం వాచకమే. ఇద్దరూ నటనతో సరిపెట్టుకోక సొంత నిర్మాణ సంస్థలు పెట్టారు.

తెలుగు సినిమా చరిత్రలో నాగయ్య స్థానం రెండు కాలాల నడుమ ఉంటుంది. ఆయనకు ముందు తెరమీద కనిపించింది చాలావరకు కెమెరా ముందు ఆడిన నాటకమే. ఆయన తర్వాత నటన, గానం, సంగీతం, దర్శకత్వం వేర్వేరు వృత్తులుగా విడిపోయాయి. ఈ నాలుగూ ఒక మనిషిలో కలిసి ఉండగలిగిన కొద్దిపాటి వ్యవధిలో, 1939 నుంచి 1950 వరకు, ఆయన తన ముఖ్యమైన పని దాదాపు అంతా చేశారు. తర్వాత పోతన, వేమన, రామదాసు పాత్రలు ఎవరు ధరించినా ప్రేక్షకులు కొలిచి చూసింది నాగయ్యతోనే.